ఏసుదానం తాత నాలుగు గడులు

బోధన్ బజారులో ఏసుదానం చేతిరాత కంటపడకుండా ఎవరూ పది అడుగులు వేయలేని కాలం ఒకటి ఉండేది. ఎరువుల దుకాణం బోర్డు ఆయనదే, టైలరు బోర్డు ఆయనదే, చెరకు మోసే ట్రాక్టరు డబ్బాల వెనక కొమ్ములు విసిరే ఎద్దులూ ఆయనవే. చర్చి గోడ మీది వాక్యాలు కూడా ఆయన రాసినవే. పాదిరిగార్లు ఎందరు మారినా ఆ అక్షరాలు మాత్రం మారలేదు. బస్సు ఆగకుండా పోతున్నా సరే, లోపల కిటికీ పక్కన కూర్చున్నవాడికి ఒక్క చూపులో సంగతంతా అర్థం కావాలి, అలా కాకపోతే అది బోర్డే కాదు అనేవాడు. ఆ మాట ఎవరైనా కాదంటే ఆ పూట వాళ్లతో చాయ్ కూడా తాగేవాడు కాదు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చి పడ్డాయి. పోనీ, పరాయివాడెవడో తెచ్చాడా అంటే అదీ కాదు. కన్నకొడుకు రాజ్ కిరణే నిజామాబాద్ బస్టాండు వెనక ఫ్లెక్సీ దుకాణం తెరిచాడు. కొడుకును తిట్టలేడు, ఫ్లెక్సీని మెచ్చలేడు. అరవై రెండేళ్ల మనిషి అరుగు మీద కూర్చుని ఎదురింటి గోడ వైపు చూస్తూ, "గంత మంచి గోడ ఉత్తగనే పోతున్నది" అని వాపోయేవాడు. ఆరేళ్లుగా ఒక్క గోడ కూడా చేతికి రాలేదు. పిలిచేవాళ్లు లేక, పొద్దున లేచినా పోవలసిన చోటు లేక, మనిషి సగమైపోయాడు.

ఆయనకు మళ్లీ ఒక చోటు దొరికింది మనవరాలు షారోన్ వల్ల. ఆ పిల్ల ఊరి ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి. ఊరు వర్ని దారిలో, మోస్రాకు కాస్త ఇవతల ఉంది. పేరు చెబితే బడి పోశన్న అలుగుతాడు కాబట్టి చెప్పడం లేదు. ఆయన ఎందుకు అలుగుతాడో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

దసరా సెలవుల తర్వాత ఒక రోజు మనవరాలిని తీసుకురావడానికి వెళ్లి, ఏసుదానం తరగతి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపల హెడ్‌మాస్టరు శైలజ మేడం పిల్లలతో కథ చెప్పించాలని తల ప్రాణం తోకకు తెచ్చుకుంటోంది. ఒకటో తరగతి, రెండో తరగతి కలిపి ఇరవై ముగ్గురు. ఎవరిని లేపినా పాఠ్యపుస్తకంలోని ఒకే కథ, ఒకే రాగం, ఒకే చోట దగ్గు.

"మీ సొంతది చెప్పండిరా" అంటే పిల్లలు నేల చూపులు చూశారు.

"మేడం, నేను బొమ్మలేసిస్తే?" అన్నాడు ఏసుదానం గుమ్మంలోంచే. అడిగాక తనకే ఆశ్చర్యం వేసింది.

శైలజ మేడం ఆయన వైపు చూసింది. ఈమె కూడా ఆ బోర్డులు చూస్తూ పెరిగిన మనిషే. "శనివారం ఆఖరి గంట మీకిస్త. రాండ్రి" అంది.

ఇంక చూడాలి ఆయన హడావుడి! డబ్బాల అట్టలు కత్తిరించాడు. ఎండిపోయిన రంగులకు ప్రాణం పోశాడు. వారం రోజులు కష్టపడి నాలుగు బొమ్మలు వేశాడు. చెరకు బండి, మబ్బు పట్టిన ఆకాశం, విరిగిన చక్రం, కన్నీళ్లు పెట్టుకున్న ఎద్దు. వాటిని ఎండబెట్టి, పెళ్లిచీరలా తుండులో చుట్టుకుని బడికి పోయాడు.

పిల్లలు నోళ్లు తెరిచారు. "అబ్బ! మస్తుంది తాతా!" అని చప్పట్లు కొట్టారు. ఏసుదానం ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"ఇగ జెప్పుండ్రి, కథ."

"ఇది ఎద్దు" అన్నాడొకడు.

"ఇది బండి" అంది ఇంకో పిల్ల.

"మరి కథేదిరా?"

బంటి అని ఒకటో తరగతి పిడుగు ఒకడున్నాడు. వాడికి మొహమాటం అంటే ఏమిటో తెలియదు. వాడు లేచి, "మొత్తం నువ్వే జెప్పినవ్ గద తాతా. వాన వస్తున్నది, చక్రం ఇరిగింది, ఎద్దు ఏడుస్తున్నది. ఇంక మాకేం మిగిలింది?" అన్నాడు.

నలభై ఏళ్ల పనితనాన్ని ఆరేళ్ల పోరడు ఒక్క మాటతో తీసి పక్కన పెట్టాడు. ఏసుదానానికి మొదట కోపం వచ్చింది. ఇంటికి పోతూ దారి పొడుగునా గొణుక్కున్నాడు. సగం దారి దాటాక ఆ గొణుగుడు ఆగిపోయింది. వాడు చెప్పింది బరాబర్ నిజం. ఒక్క చూపులో అంతా చెప్పేసే బొమ్మ బజారుకు పనికొస్తుంది, కథ చెప్పవలసిన పిల్లవాడి నోరు మాత్రం మూసేస్తుంది.

మరి ఏ బొమ్మ నోరు తెరిపిస్తుంది? ఆలోచిస్తే తన పనిలోనే ఎవరూ చూడని ఘట్టం ఒకటి గుర్తొచ్చింది. రంగు వేయడానికి ముందు గోడ మీద నీలిపొడి పూసిన దారం కొట్టి గడులు వేసుకుంటారు. ఎక్కడ ఏముండాలో బొగ్గుముక్కతో వంకరటింకర గుర్తులు పెట్టుకుంటారు. ఆ గుర్తులు నచ్చకపోతే తడిగుడ్డతో తుడిచేస్తారు, ఎద్దు ఉన్న చోట ఏనుగును పెడతారు. పనిలో నిజమైన సంబరమంతా అప్పుడే. రంగు పడ్డాక ఇంక మార్చేదేముంది?

రెండో శనివారం ఆయన చేతిలో అట్టలు లేవు. దారం ఉండ, నీలిపొడి డబ్బా, మధ్యాహ్న భోజనం పొయ్యిలోంచి ఏరుకున్న బొగ్గుముక్కలు ఉన్నాయి. పిల్లలందరినీ బడి ప్రహరీ గోడ దగ్గరికి నడిపించాడు.

"షారోన్, గీ కొస వట్టు. బంటీ, గా కొస వట్టు. గట్టిగ గుంజుండ్రి. ఒదలొద్దు!"

దారాన్ని మధ్యలో పట్టి వింటినారిలా లాగి వదిలాడు. టప్! గోడ మీద కొస నుంచి కొస దాకా నీలిగీత పడింది. పిల్లలు పెట్టిన కేకకు రోడ్డు మీద పోతున్న చెరకు ట్రాక్టరు డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.

"నాకు తాతా! నాకు! నేను కొడ్త!"

ఆ రోజు దారం కొట్టడానికే అరగంట పట్టింది. ఒక్కొక్కరికి నాలుగు గడులు వచ్చాయి. వాటికి పేర్లు పెట్టింది కూడా పిల్లలే. మొదటి గడి "ఎవలు?", రెండోది "ఏమైంది?", మూడోది "అయ్యో!", నాలుగోది "హమ్మయ్య!"

"సూడుండ్రి. నేను పది లెక్కవెట్టేలోపల ఒక గడి నిండాలె. మంచిగ గీసినోళ్లకు సున్నా. గవి బొమ్మలు గావు, గుర్తులు. తుడిస్తే భయం లేదు" అని తాత షరతు పెట్టాడు.

మంచిగా గీస్తే సున్నా అనే మాస్టారు ఏ బడిలో దొరుకుతాడు? పిల్లలు రెచ్చిపోయారు. బంటి మొదటి గడిలో బంతికి నాలుగు పుల్లలు గుచ్చినట్టు ఏదో గీశాడు.

"ఎవలురా గిది?"

"అడివి పంది."

"ఏమైంది దానికి?"

"మా చెరుకు తోటల సొచ్చింది. మొత్తం తిన్నది."

"అయ్యో అనేతట్టు ఏమైంది మరి?"

బంటి తల గోక్కున్నాడు. మూడో గడిలో ముందు తుపాకీ గీశాడు, తుడిచేశాడు. కుక్కను గీశాడు, అదీ తుడిచాడు. ఉన్నట్టుండి వాడి కళ్లు మెరిశాయి. "తాతా! తియ్యగ తిని తిని పంది పన్ను నొస్తది!"

ఏసుదానం పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి గోడకు ఆనుకున్నాడు. ఈ పంది తన బుర్రలో నూరేళ్లకైనా పుట్టేదా? ఆ సాయంత్రం ఇంటికి పోయి, కనిపించిన వాళ్లందరికీ పంది పన్ను సంగతి చెప్పాడు. ఆయన ముఖంలో అంత వెలుగు చూసి రాజ్ కిరణ్, "ఏంది బాపూ, ఏదన్న గోడ పని దొరికిందా?" అని అడిగాడు.

"గోడలు గావురా, ఇరవై మూడు కథలు దొరికినయ్!"

వారం వారం కథలు మారేవి. రెండో గడి నాలుగోదయ్యేది, మూడోది తుడుపుగుడ్డకు బలయ్యేది. అందరిలోకీ ఆయనను పరేషాన్ చేసింది చిన్ను. రెండో తరగతి పిల్ల, మాట మెత్తన. మొదటి గడిలో ట్రాక్టరు, రెండో గడిలో దాని వెనక ఉరికి చెరకు గడ గుంజే పోరి. ఈ ప్రాంతంలో ఆ పని చేయకుండా పెద్దయినవాళ్లు లేరు, ఇప్పుడు పెద్దమనుషుల్లా తిరిగేవాళ్లతో సహా. మూడో గడిలో ఆ గడ ఎంత గుంజినా అయిపోదు. గుంజుతూనే ఉంటుంది, వస్తూనే ఉంటుంది. నాలుగో గడి మాత్రం ఖాళీ. ఐదు వారాలుగా ఖాళీ.

"కొసకు ఏముంది బిడ్డా?"

"తెల్వది తాతా. సూస్తున్న."

చెప్పి పెడదామని ఆయనకు నాలుక చివరి దాకా వచ్చేది. బలవంతంగా మింగేసేవాడు.

ఇలా అంతా జోరుగా సాగుతుంటే ఊరుకునే ఊరా అది? పిల్లల అంగీలన్నీ బొగ్గు. చిన్ను వాళ్లమ్మ గంగమణి బడికొచ్చి, ఉతికి ఉతికి చేతులు పడిపోతున్నాయని మొత్తుకుంది. బంటి తండ్రి లింబాద్రి మరో అడుగు ముందుకేశాడు. "బోర్డుల పెయింటరొచ్చి సదువు జెప్తడా మేడం? పంది బొమ్మలేస్తే ఎక్కాలొస్తయా?"

శైలజ మేడం ఇద్దరికీ సర్దిచెప్పి పంపింది. తర్వాత ఏసుదానాన్ని పక్కకు పిలిచింది.

"వచ్చే శనివారం తల్లిదండ్రుల మీటింగుంది. ఎంఈఓ రాజారాం సారు కూడ వస్తున్నరు. ఆ రోజు పిల్లలు లేచి, ఎవరూ అందియ్యకుండ, సొంతంగ కథ చెప్పాలె. చెప్తే శనివారం గంట మీదే. చెప్పకపోతే సోమవారం నుంచి ఆ గంట ఎక్కాలకు వోతది. నేను ఆపలేను."

ఏసుదానం "సరే మేడం" అన్నాడు. పైకి అంతే. లోపల మాత్రం లెక్కలు వేసుకున్నాడు. ఆ గంట పోతే మళ్లీ అరుగు, మళ్లీ ఎదురింటి గోడ. వారంలో ఆరు రోజులు ఆయన బతుకుతున్నదే ఆ ఏడో రోజు కోసం.

ఆ వారం రోజూ సాయంత్రం బడి విడిచాక గంట చొప్పున పని జరిగింది. శుక్రవారం అయిదున్నరకు గోడంతా నిండింది. తొంభై రెండు గడులు, అందులో తొంభై ఒకటి నిండినవి, చిన్నుది ఒక్కటి ఖాళీ. రేపు పిల్లలు తమ తమ గడుల ముందు నిలబడతారు, చూసి చెప్తారు. ఇంకేం కావాలి? ఏసుదానం చర్చి పాట కూనిరాగం తీసుకుంటూ ఇల్లు చేరాడు.

శనివారం పొద్దున షారోన్ చెయ్యి పట్టుకుని గేటు దాటిన మనిషి దాటినట్టే నిలబడిపోయాడు.

గోడ తెల్లగా ఉంది. పాలతో కడిగినట్టుంది. గడులు లేవు, పంది లేదు, ట్రాక్టరు లేదు, నీలిగీత ఒక్కటైనా లేదు.

గోడ పక్కన పోశన్న నిలబడి ఉన్నాడు. బడి ఊడ్చేదీ నీళ్లు పట్టేదీ గంట కొట్టేదీ ఆయనే. కనురెప్పల మీద కూడా సున్నం చుక్కలు, ముఖం నిండా సంతోషం. ఆఫీసరు వస్తున్నాడంటే మన దగ్గర ఏ పని జరిగినా జరగకున్నా గోడకు సున్నం మాత్రం పడాల్సిందే. ఆ ధర్మాన్ని పోశన్న తన సొంత చేతులతో నిలబెట్టాడు.

"సూడు ఏసన్నా, ఎట్లుంది? రెండు పూతలు. నీలిమందు గుడ కలిపిన."

"యేసయ్యా! పోశన్నా, పోరగాండ్ల కథలురా గవి!"

పోశన్న ముఖం వాడిపోయింది. "నువ్వే జెప్తివి గదనే. గవి బొమ్మలు గావు, గుర్తులు, తుడిస్తే భయం లేదని రోజు జెప్తివి. సారొస్తున్నడు, నీ గోడ సక్కగ ఉండాలెనని..."

తిట్టబోయి ఏసుదానం ఆగాడు. ఆ మాటలు తనవే. పోయి గోడను వేలితో తాకి చూశాడు. ఇంకా చెమ్మగానే ఉంది. తడి సున్నం మీద బొగ్గు పట్టదు, దారం కొట్టినా గీత పడదు. మళ్లీ గీయడం అయ్యే పని కాదు. కొంప మునిగింది.

"ఇంట్ల అట్టలున్నయ్. గవన్న తెస్త" అంటూ వెనక్కి తిరిగాడు. ఎద్దునో బండినో చూసి ఒక్కరైనా నాలుగు మాటలు అనకపోతారా?

షారోన్ ఆయన చెయ్యి వదల్లేదు. "వద్దు తాతా. గవి నీవి. మావి గావు."

ఇంతలో రాజారాం సారు మోటారుసైకిలు గేట్లోకి రానే వచ్చింది. గోడ ముందు పరిచిన జంపఖానా మీద తల్లులూ తండ్రులూ కూర్చున్నారు. లింబాద్రి చేతులు కట్టుకుని, చూద్దాం అన్నట్టు వెనక వరసలో నిలబడ్డాడు. శైలజ మేడం తెల్లగోడను చూసింది, పోశన్నను చూసింది, ఏసుదానాన్ని చూసింది. అయినా పిలవక తప్పదు.

"బంటీ, రా నాన్నా. నీ కథ చెప్పు."

బంటి వచ్చాడు. గోడ వైపు చూసి గుడ్లప్పగించాడు. ఏసుదానం పిడికిళ్లు బిగించి నిలబడ్డాడు. అందించడానికి లేదు, అందిస్తే ఆ గంట పోయినట్టే.

వాడు గేటు దగ్గరికి నడిచాడు. అక్కడి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ గోడ వెంట వచ్చి, ఏడో అడుగు దగ్గర ఆగాడు. అరచేయి గోడకు ఆన్చాడు.

"గిక్కడ పంది ఉండె" అన్నాడు. "దానికి మస్తు ఆకలి."

ఒక్క జానెడు పక్కకు జరిగాడు. "గిక్కడ మా చెరుకు తోట. పంది సొచ్చింది. కరకర, కరకర, మొత్తం తిన్నది. మా బాపు లొల్లివెట్టిండు, గది ఇనలే." ఇంకో జానెడు జరిగాడు. "గిక్కడ అయ్యో! దాని పన్ను నొచ్చింది. దవడ గింత ఉబ్బింది. ఏడ్సుకుంట ఏడ్సుకుంట బోధన్ పోయి పండ్ల డాక్టరు తలుపు కొట్టింది. డాక్టరు తలుపు తీసిండు..." ఆగి, ఊపిరి పీల్చుకున్నాడు. "ఉరికిండు!"

జంపఖానా మీది జనం పడీ పడీ నవ్వారు. తలలన్నీ బంటి చేతి వెంట గోడ మీద ఇటు నుంచి అటు కదులుతున్నాయి. అంతలో మూడో వరసలోంచి గంగమణి, ముందు కూర్చున్నామెను భుజం మీద తట్టింది. "జర పక్కకు జరుగు అక్కా. పంది కనవడ్తలేదు."

ఆమె నిజంగానే పక్కకు జరిగింది!

ఏసుదానం ఆ మాట విన్నాడు. ఉత్త సున్నం గోడ మీద ఊరు ఊరంతా పందిని చూస్తోంది. నలభై ఏళ్లు డబ్బాల కొద్దీ రంగులు పోసినా తన ఎద్దును ఇంత మంది ఇంతసేపు చూసింది లేదు. ఎగిరి గంతేయాలనిపించింది, వయసు గుర్తొచ్చి ఆగాడు. వెనక వరసలో లింబాద్రి కట్టుకున్న చేతులు విప్పి, "నా కొడుకే" అని పక్కవాడికి చెప్తున్నాడు.

ఇంక పిల్లలను ఆపేవాళ్లెవరు? షారోన్ వచ్చింది, ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. ఎవరి చోటు వాళ్లకు తెలుసు. గీసి, తుడిచి, మళ్లీ గీసి, వారాల తరబడి తిప్పలు పడ్డ గడులు మరి. గోడ మీద చెరిగినా వాళ్ల బుర్రల్లో చెరగలేదు. రాజారాం సారు కుర్చీ ముందుకు లాక్కుని, "మరి మూడో గడిల ఏముంది?" అని తనే అడగడం మొదలుపెట్టాడు.

చిట్టచివర చిన్ను లేచింది.

ట్రాక్టరు చెప్పింది, గడ గుంజడం చెప్పింది. "గుంజుతున్నది, గుంజుతున్నది, గడ ఒడుస్తలేదు. మా ఊరు దాటింది, బోధన్ దాటింది..." చెయ్యి మూడో గడి దాటి నాలుగో గడి చోటికి వచ్చి ఆగింది. ఆ గడిలో ఎన్నడూ ఏమీ లేదని పెద్దవాళ్లలో ఏసుదానానికొక్కడికే తెలుసు.

చిన్ను తెల్లగోడ వైపు కాసేపు చూసింది. ఏదో కనబడినట్టు నవ్వింది.

"అవతలి కొసకు ఇంకో పోరి ఉంది. నిజామాబాద్ అవతల ఇందల్వాయిల. గామె గుడ గుంజుతున్నది. అందుకే ఒడుస్తలేదు! ఇగ ఇద్దరు గుంజుడు బంద్‌వెట్టి తినుడు షురూ జేసిండ్రు. గామె గటునుంచి తినుకుంట వచ్చింది, గీమె గిటునుంచి తినుకుంట పోయింది. నిజామాబాద్ బస్టాండ్ల కలిసిండ్రు. దోస్తులైండ్రు."

ఇంక చప్పట్లే చప్పట్లు. గంగమణి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "గిన్ని మాటలు ఏడ దాసినవే?" అంటోంది. ఏసుదానం కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

రాజారాం సారు లేచి నేరుగా ఆయన దగ్గరికి వచ్చాడు. "పెద్దాయనా, ఈ కథలు గిట్ల గాలికి పోవద్దు. ఈ గోడ మొత్తం రంగుల్ల నువ్వే వెయ్యి. కింద నీ పేరు గూడ రాసుకో."

గోడ! అంత పొడుగు గోడ, రెండు పూతల సున్నంతో, నున్నగా, తయారుగా! ఆరేళ్లుగా ఆయన కలవరించింది ఇదే. కుంచె పట్టే వేళ్లు వాటంతటవే కదిలాయి. పందికి ఏ రంగు వేయాలో కూడా మనసులో మెదిలింది. పక్కనే పిల్లలు గోడకు ముక్కులు ఆనించి, సున్నం ఆరిందా లేదా అని గోళ్లతో గీకి చూస్తున్నారు. తాను రంగు వేస్తే పంది ఎప్పటికీ ఇక్కడే ఉండిపోతుంది. వచ్చే ఏడు ఒకటో తరగతికి వచ్చే పిల్లవాడు దాన్ని చూసి, ఇది పంది అంటాడు. అక్కడితో వాడి నోరు మూతపడుతుంది.

"వద్దు సార్" అన్నాడు.

"ఎందుకు?"

"గీ గోడ తెల్లగనే ఉండనియ్యుండ్రి. వచ్చే శనివారం పోరగాండ్లకు గావాలె."

అన్నాక గానీ ఆయనకు తట్టలేదు, వచ్చే శనివారాన్ని ఇంకా ఎవరూ తనకు ఇవ్వలేదని. నాలుక కరుచుకుని శైలజ మేడం వైపు చూశాడు.

మేడం లింబాద్రి వైపు చూసింది. లింబాద్రి చెప్పుల వైపు చూసుకుని, "పందికి మందు దొరికిందా లేదా, గది జెప్పనే లేదు పోరడు. వచ్చే వారం జెప్పియ్యుండ్రి" అన్నాడు.

"అయితే శనివారం గంట ముందుగాల రాండ్రి ఏసుదానం గారూ" అంది మేడం. "మూడో తరగతోళ్లు గూడ కూసుంటమంటున్నరు. ఒక్క గంట సాలదు."

ఆరేళ్లలో ఆయనను ముందుగా రమ్మన్నవాళ్లు లేరు. వస్తానని ఆయన నోరు తెరిచేలోపే, అప్పటి దాకా ఓ మూల ముడుచుకుని నిలబడ్డ పోశన్నే అందుకున్నాడు.

"వస్తడు మేడం, ఎందుకు రాడు! మూడో తరగతోళ్లకు ఎనక గోడ ఉన్నది. దానికి గుడ సున్నం నేనే కొడ్త."